తలుపు వేసి విడిగా అడగాలి

పోయినవారం కథ ఆపినప్పుడు మనం పిన్నిని హాస్టల్ కార్యదర్శి ఎదురుగా, ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాం. నర్సింగు చదివే ఆడపిల్లల హాస్టల్ అది. వంటా, సరుకులూ, పిల్లల బాగోగులూ చూసుకునే వార్డెను ఉద్యోగం మీకే అన్నవాళ్లు ఉన్నట్టుండి ఎందుకు వెనక్కి తగ్గారో కనుక్కుందామని వెళ్లింది పిన్ని. కార్యదర్శి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, చివరికి నోరు విప్పింది.

"మీ గురించి వాకబు చేద్దామని మీ ఇంటికి ఫోన్ చేశానమ్మా. మీ అక్కగారే మాట్లాడారు. 'దానికి అనుభవమా! ఎప్పుడూ ఏ పనీ చేయలేదండీ, ఇంట్లోనే ఉంటుంది' అన్నారు."

అదిగో, ఆ మాట దగ్గరే ఆగాం.

ఆ మాట విని పిన్ని ఏడ్చిందనుకుంటే పొరపాటు. నవ్వింది. కార్యదర్శి హడలిపోయేలా నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియాలంటే ముందు ఆ అక్కగారెవరో తెలియాలి.

ఊళ్లో అందరూ ఆవిడని ప్రొఫెసరమ్మ అంటారు. ఆర్థికశాస్త్రం. బ్యాంకులూ బంగారం ధరలూ ఆవిడకు పట్టవు. ఆవిడ పరిశోధనంతా సంసారాల మీద. నలుగురున్న ఇంట్లో చాకిరీ ఎవరిది, పెత్తనం ఎవరిది, మంచి ముక్క ఎవరి పళ్లెంలో పడుతుంది, ఇదీ వరస. వయసులో ఉన్నప్పుడు గడపగడపా తిరిగి మగవాళ్లని "మీ ఆవిడ ఏం చేస్తుందండీ?" అని అడిగేది. పెరట్లో ఆ మహాతల్లి నడుం విరిగేలా బట్టలు ఉతుకుతుంటే, ముందుగదిలో ఈయనగారు కాలు మీద కాలేసుకుని "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడట. ఏ ఇంటికి పోయినా అదే పాట. ఆ పాటనే పేరుగా పెట్టి "ఇంట్లోనే ఉంటుంది" అని పుస్తకం రాసింది. దాంతో ఆవిడ దశ తిరిగింది. సభల్లో లేచి నిలబడి, "ఈ మాట అన్న ప్రతి నోటినీ కడగాలి" అనేది. అని ఒక్క క్షణం ఆగేది. జనం చప్పట్లు కొట్టడానికి ఆమాత్రం వ్యవధి ఇవ్వాలి కదా.

మరి ఆవిడ ఊరి గడపలన్నీ ఎక్కి దిగుతున్నప్పుడు ఆవిడ గడప లోపల ఎవరున్నారు? పిన్ని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా కుదురుగా ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. అక్కకి తొలి పురుడు, సాయం రమ్మంటే సెలవు పెట్టి వచ్చింది. పురుడయింది. రెండో పురుడూ అయింది. అక్క పైచదువుకని దేశం దాటి వెళ్లొచ్చింది. ఎక్స్ఛేంజి మూతపడింది. పిల్లలిద్దరూ పెద్దవాళ్లై ఎవరి ఉద్యోగాలకు వాళ్లు పోయారు. పిన్ని సెలవు మాత్రం ఇంకా అయిపోలేదు. పిల్లలు పిన్ని అన్నారని పాలవాడూ పిన్నే అన్నాడు, పోస్టుమానూ పిన్నిగారే అన్నాడు, అక్కాబావలకి ఎప్పుడూ చిన్నీయే. తనకి ఇంకో పేరుండేదన్న సంగతి చివరికి ఆవిడే మర్చిపోయింది.

అలాంటి చెల్లెలి గురించి అలాంటి అక్క, సొంత పుస్తకం అట్ట మీది మాటే అనేసిందంటే, నవ్వు రాక ఏమొస్తుంది?

"రేపు సాయంత్రం కమిటీ కూర్చుంటుందమ్మా. ఇంకొకావిడ పేరు ఖాయం చేసేస్తారు. నా చేతుల్లో ఏం లేదు," అంది కార్యదర్శి.

పిన్ని లేచి, బల్ల మీదికి వంగి, ఆవిడకి మాత్రమే వినపడేలా ఒక్క మాట చెప్పి వచ్చేసింది. ఆ మాటేమిటో దాని వేళకు అదే బయటపడుతుంది.

* * *

తెల్లారింది. ప్రొఫెసరమ్మకి ఆ రోజు ఎంత ముఖ్యమైనదంటే, ఎవరూ లేపకుండా తనంతట తనే లేచింది.

దేశంలోని కుటుంబాలన్నింటినీ సర్వే చేసే పెద్ద సంస్థ ఒకటుంది. దానికి కొత్త అధిపతి కావాలి. ఆ కుర్చీ మీద ఆవిడ కన్ను ఎన్నాళ్లుగానో ఉంది. ఎంపిక సంఘం ఛైర్మన్ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. ఎంపిక చేసేవాడు, ఎంపిక కోరేవాళ్లింట్లో భోంచేయకూడదు. అందుకని ఏదో పుస్తకం పట్టుకుపోవడానికి వస్తున్నాడని పేరు. సరిగ్గా భోజనాల వేళకే ఆ పుస్తకం అవసరం పడింది మరి.

వచ్చే పెద్దమనిషికి పనిలో పనిగా తన ఘనత కూడా కళ్లారా చూపించాలని ప్రొఫెసరమ్మ ఇంకో ఏర్పాటు చేసింది. ఆ సంస్థ కొత్త సర్వేకి ఆవిడే రాసిచ్చిన ప్రశ్నల్ని ముందుగా కొన్ని ఇళ్లలో అడిగి చూస్తున్నారు. "మా ఇంటితోనే మొదలుపెట్టండి" అని పట్టుబట్టి, సర్వే అమ్మాయిని సరిగ్గా ఆ రోజుకే రప్పించుకుంది. ఆ అడిగే పద్ధతి కూడా ఆవిడ కనిపెట్టిందే. ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కొక్కరినే, విడిగా, తలుపు వేసి అడగాలి. మొగుడి ముందు పెళ్లాం, అత్త ముందు కోడలు నిజం చెప్పరు కాబట్టి. మధ్యలో ఇంకెవరైనా తలుపు తోసుకుని వచ్చారా, ఆ ఇల్లు లెక్కలోంచి కొట్టేయాల్సిందే. చెప్పే మనిషి "ఇక చాలు" అనేదాకా అడిగే మనిషి లేవకూడదు. ఈ నియమాలు ఎన్ని దేశాలు పాటిస్తున్నాయో ఆవిడ తరచూ చెబుతూ ఉంటుంది, అడక్కపోయినా.

వంటింటి గుమ్మంలో నిలబడి తల లోపలికి పెట్టింది ప్రొఫెసరమ్మ. ఆ గుమ్మం దాటి లోపలికి రావడం ఆవిడకి అలవాటు లేదు.

"చిన్నీ, కూరలు ఎన్ని రకాలే?"

"చాలినన్ని."

"ఆయనకి కారం పడదట."

"వెయ్యలేదు."

"తీపి?"

"అయింది."

"అమ్మయ్య. ఇదిగో, ఆ అమ్మాయి నిన్ను కూడా అడుగుతుంది, నిన్నంతా ఏమేం చేశావని. మొహమాటపడకు. 'ఆఁ, ఏముందండీ, మామూలే' అని తేల్చేయకు. మీలాంటివాళ్లతో వచ్చిన చిక్కే అది, మీ పనికి మీరే విలువ ఇచ్చుకోరు. కాస్త విపులంగా చెప్పు. ఛైర్మన్‌గారి కళ్లబడుతుంది."

మీలాంటివాళ్లట. పిన్ని గరిటె కడిగి, నీళ్లు విదిలించి, తిరగేసి పెట్టింది.

"విపులంగానే చెప్తాలే అక్కా."

రాత్రంతా అనుకుంది, ఎదురుగా నిలబెట్టి అడిగేద్దామా అని. ఏమని అడుగుతుంది? అడిగితే అక్క ఏం చెబుతుందో అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ముందు "నేనా?" అంటుంది. తర్వాత "నేనలా అనలేదు" అంటుంది. ఆ తర్వాత "నీ మంచికే" అంటుంది. ఆ మూడు మెట్లూ ఎక్కించి దింపే ఓపిక పిన్నికి లేదు. కోపమైతే అరిచేది. దుఃఖమైతే ఏడ్చేది. ఇది ఆ రెండూ కాదు. బజార్లో పుచ్చు వంకాయ చేతికి తగిలితే వేలితో పక్కకి నెట్టేస్తాం చూడండి, అలాంటిది. అసహ్యం. సొంత అక్క మీద అసహ్యం పుట్టినందుకు భయపడాలేమో అనుకుని కాసేపు ఎదురుచూసింది. భయం రాలేదు. పైగా, ఒళ్లు తేలికపడ్డట్టయింది.

బావగారికి టిఫిను పెడుతూ ఆయన్ని మాత్రం అడిగింది. ప్రొఫెసరమ్మ భర్త రిటైరైన ఇంజనీరు. పెద్ద పెద్ద వంతెనలు కట్టాడట. సొంతింట్లో మంచినీళ్ల గ్లాసులు ఎక్కడుంటాయో మాత్రం ఇప్పటిదాకా కనిపెట్టలేకపోయాడు.

"బావగారూ, మొన్న హాస్టల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మీరిక్కడే ఉన్నారా?"

పేపరు ఇంకాస్త పైకి లేచింది. "ఏమోనమ్మా. నేను వార్తలు చూసుకుంటున్నాను."

"అక్క ఏమందో వినలేదూ?"

"మీ అక్కాచెల్లెళ్ల మధ్య నేనెందుకు చెప్పు," అంది పేపరు.

చవటాయి అనుకుంది పిన్ని. పైకి అననూలేదు, అనుకున్నందుకు నొచ్చుకోనూలేదు.

* * *

సర్వే అమ్మాయి వచ్చింది. మెళ్లో గుర్తింపు కార్డు, చేతిలో టాబ్. ప్రొఫెసరమ్మని చూడగానే ఆ పిల్ల మొహం చాటంత అయింది.

"మేడమ్, మీ పుస్తకం చదివే నేను ఈ చదువులోకొచ్చాను. మొదటి పేజీ మొత్తం నాకు నోటికొచ్చు."

"కూర్చోమ్మా, కూర్చో," అంది ప్రొఫెసరమ్మ, ఒప్పజెప్పమంటే బాగుండదని ఆగినట్టుగా.

ఇంట్లో ఎవరెవరుంటారో ముందు అందరి ఎదుటా రాసుకోవాలి. తన సంగతి అయింది, భర్త సంగతి అయింది.

"మూడోవారు మీ చెల్లెలుగారు. ఆవిడ ఏం చేస్తారు మేడమ్?"

ప్రొఫెసరమ్మ సోఫాలో నిటారుగా కూర్చుంది. సభలో మైకు అందుకున్నట్టు గొంతు సవరించుకుంది.

"రాసుకోమ్మా. ఈ ఇల్లు ఇలా నిలబడి ఉందంటే దాని వల్లే. నేను రాసిన ప్రతి అక్షరం వెనకా దాని చేతి కష్టం ఉంది. సమాజం దాన్ని పని అనకపోవచ్చు. నేనంటాను. జీవితమంతా అదే చెబుతూ వచ్చాను. నా చెల్లెలు ఈ ఇంటికి వెన్నెముక!"

సర్వే అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే వెన్నెముక టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టి, చక్కెర డబ్బా మూత తీసి, లోపలికి పోయింది.

ప్రొఫెసరమ్మని ఆవిడ గదిలో తలుపు వేసి అడిగారు. అది చాలాసేపు సాగింది, మధ్యమధ్య ఉపన్యాసం గోడ దాటి వచ్చింది. తర్వాత బావగారు. ఆయన లోపలికి వెళ్లినంతలోనే బయటికొచ్చేశాడు. నిన్న ఏమేం చేశారండీ అని అడిగితే "మా చిన్నీని అడగమ్మా, దానికి తెలుసు" అన్నాడట.

"ఇక మీరండీ," అంది అమ్మాయి పిన్నితో. "ఏ గదిలో కూర్చుందాం?"

"వంటింట్లో."

ప్రొఫెసరమ్మ గతుక్కుమంది. "వంటింట్లో ఏమిటే, ఛైర్మన్‌గారు వచ్చే వేళయింది. నీ గదిలో కూర్చోండి."

"నా గదంటే సామాన్ల గదేగా అక్కా. మంచం పక్కన బస్తాలు. ఇద్దరం పట్టం."

"చెప్పేవాళ్లకి ఎక్కడ ఇష్టమైతే అక్కడేనండీ," అని అమ్మాయి భక్తిగా గుర్తుచేసింది. "మేడమ్‌గారి నియమాల్లోనే ఉంది."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు పడింది. లోపల గడియ కూడా పడింది.

* * *

వండినవన్నీ గట్టు మీద వరసగా మూతలు పెట్టి ఉన్నాయి. అన్నం వేడిగా ఉంది. పొయ్యి తుడిచి ఉంది. చేయాల్సిందేమీ మిగల్లేదు. పిన్ని ఒక స్టూలు అమ్మాయికి జరిపి, రెండోది తను లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ వంటింట్లో ఆవిడ ఖాళీగా కూర్చోవడం ఆ గోడలకి కూడా కొత్తే.

"నిన్న నిద్ర లేవగానే ఏం చేశారండీ?"

"అక్కని లేపి, పాలు పొయ్యి మీద పెట్టాను. అవి కాగేలోపు బావగారి మందులు తీసిపెట్టాను. ఆ మందులు తీస్తూనే అక్క తన ఉపన్యాసం చదువుతుంటే విన్నాను."

"ఒక్కటే చెప్పాలండీ. ఆ సమయానికి ముఖ్యమైన పని ఏదో అది."

"మూడూ ఒక్కసారే చేశాను కదమ్మా."

"మేడమ్ పద్ధతిలో ఒక్కటే పడుతుందండీ."

"అయితే ఉపన్యాసం వేసుకో. పాలు పొంగితే తుడుచుకోవచ్చు, దాన్ని విననంటే ఈ ఇంట్లో నిలవలేం."

అమ్మాయి నవ్వాపుకుని ఏదో నొక్కింది. బయట కారు ఆగిన చప్పుడు. తలుపులు, నమస్కారాలు, ప్రొఫెసరమ్మ నవ్వు. ఛైర్మన్ వచ్చేశాడు. లోపల పిన్ని తొందర లేకుండా చెప్పుకుపోతోంది. టిఫిను, గిన్నెలు, బట్టలు, మేడ మెట్లు కడగడం, బావగారి కళ్లజోడు వెతకడం. ఏదీ వదల్లేదు. విపులంగా చెప్పమన్నది అక్కే.

తలుపు మీద చిన్నగా టకటక.

"చిన్నీ, ఇంకా కాలేదా?" తేనె పూసిన గొంతు. పక్కన ఎవరో ఉన్నారనడానికి అదే గుర్తు.

"మేడమ్, దయచేసి రాకండి," అమ్మాయి లోపల్నుంచే కంగారుగా అరిచింది. "వస్తే మీ ఇల్లు కొట్టేయాల్సొస్తుంది."

బయట ఛైర్మన్ గొంతు హాయిగా నవ్వింది. "బ్రహ్మాండం! చూశారా ప్రొఫెసర్‌గారూ, మీ పద్ధతి మీక్కూడా మినహాయింపు ఇవ్వడం లేదు. కానివ్వండి, కానివ్వండి. నాకేం ఆకలి లేదు."

అబద్ధాలకోరు. మసాలా వాసనకి ఆయన నోరూరడం పిన్నికి తలుపు ఇవతలికి తెలుస్తోంది.

"తర్వాత?" అంది అమ్మాయి.

"తర్వాత బయటికి వెళ్లాను. ఒక ఉద్యోగం గురించి."

అమ్మాయి తలెత్తింది. టాబ్‌లో కొత్త ప్రశ్నలు తెరుచుకున్నాయి. "పని కోసం ప్రయత్నించారా! దొరికిందాండీ?"

"దొరికినట్టే దొరికి పోయింది."

"కారణం? అర్హత లేకపోవడం, దూరం, ఆరోగ్యం, ఇంట్లో అభ్యంతరం..."

"ఇంట్లో అభ్యంతరం."

"ఎవరి అభ్యంతరమో కూడా చెప్పాలండీ. భర్త, అత్త, మామ, తండ్రి, అన్న, కొడుకు."

"అక్క."

అమ్మాయి వేలు గాల్లో ఆగింది. తెర కిందికి జరిపింది, పైకి జరిపింది. "అక్క... ఇందులో లేదండీ."

"ఉండదమ్మా. ఇవన్నీ రాసింది మా అక్క. ఊళ్లో ఆడవాళ్లని ఎవరెవరు అణగదొక్కుతారో వరసబెట్టి రాసుకుంటూ పోయింది. రాసే చెయ్యి దానికి గుర్తు రాలేదు."

అమ్మాయికి అర్థం కాలేదు. పిన్ని చెప్పింది. హాస్టల్ సంగతి, ఫోన్ సంగతి, కార్యదర్శి చెప్పిన మాట. సాగదీయలేదు, రాగం తీయలేదు. బజారు సరుకులు చదివినట్టు చెప్పింది. వింటూ వింటూ అమ్మాయి మొహం పాలిపోయింది.

"'ఇంట్లోనే ఉంటుంది' అన్నారా? ఆ మాటే?"

"ఆ మాటే. నీకు నోటికొచ్చన్నావుగా మొదటి పేజీ. దానికీ నోటికొచ్చు."

"ఇప్పుడు ఇందులో ఏం రాయమంటారండీ?"

"'ఇతరులు' అని ఉందా?"

"ఉందండీ. పక్కన వివరం రాయాలి."

"రాయి. అక్క, ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు."

అమ్మాయి రాసింది. రాసింది మళ్లీ మార్చడానికి వీల్లేదు, నేరుగా ఆఫీసుకి పోతుంది. ఇంట్లోవాళ్లు బతిమాలి మార్పించకూడదని ఆ కట్టుదిట్టం చేసింది కూడా ప్రొఫెసరమ్మే.

అవతల ఛైర్మన్‌కి ఫోన్ వచ్చింది. మాట్లాడుకుంటూ ఆయన వరండాలోకి వెళ్లిన అడుగుల చప్పుడు, వెంటనే తలుపుకి దగ్గరగా గుసగుస.

"చిన్నీ! ఏం చేస్తున్నావే లోపల?" తేనె ఇంకిపోయింది. "ఆయన వచ్చి ఎంతసేపైందో తెలుసా? పరువు తీస్తావా? తలుపు తియ్యి!"

"విపులంగా చెప్తున్నానక్కా."

"వేళాకోళమా? తియ్యవే!"

"హాస్టల్ ఆవిడతో నా గురించి ఏమన్నావు?"

పిన్ని అమ్మాయి వైపు చూసి ఒక వేలు ఎత్తింది. ఇప్పుడు మొదటి మెట్టు.

"నేనా?" అంది ప్రొఫెసరమ్మ.

రెండో వేలు.

"నేనలా అనలేదే!"

"ఎలా? నేనింకా ఎలా అన్నావో చెప్పలేదుగా."

తర్వాత మూడో మెట్టు వస్తుందనుకుంటే రాలేదు. తలుపుకి నుదురు ఆనించినట్టుంది, గొంతు చాలా దగ్గరగా, చాలా చిన్నగా వినపడింది.

"భయమేసిందే. నువ్వెళ్లిపోతే నేనేం కావాలి? పాలవాడు ఎప్పుడొస్తాడో కూడా నాకు తెలీదు. మీ బావకి ఏ మందు ఎప్పుడివ్వాలో తెలీదు. ఆ ఫోన్లో ఆవిడ 'మీ చెల్లెలికి అనుభవం ఉందా' అనగానే, ఉందంటే తీసుకుపోతారు కదా అనిపించింది. నోట్లోంచి అదే వచ్చేసింది."

పిన్ని ఇన్నేళ్లలో అక్క నోట నిజం విన్నది ఇదే మొదలు. పురిటి మంచం మీద తన చెయ్యి పట్టుకుని "వెళ్లిపోకే" అన్న పిల్ల గొంతు అది. గడియ వైపు చెయ్యి వెళ్లబోయింది.

"అందుకని," తలుపవతల గొంతు మళ్లీ కూడదీసుకుంది, "ఈ ఒక్క పూటా గట్టెక్కించు. కుర్చీ దక్కాక నీకేం కావాలో చూద్దాం. ముందు ఆ అన్నం బయటికి పంపించు."

చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్లో పడింది.

"నీకు నేను కావాలని అనుకున్నాను అక్కా ఒక్క క్షణం. నీక్కావాల్సింది అన్నం," అంది పిన్ని. "ఒక్కటి చెప్పనా? మగవాళ్లు ఆ మాట అంటే వాళ్లకి తెలీక అన్నారనుకోవచ్చు. నీకు తెలిసీ అన్నావు. పుస్తకం రాసీ అన్నావు. ఆ కాలు మీద కాలేసుక్కూర్చున్న మొగుళ్లే నీకన్నా నయం. వాళ్లు కనీసం చప్పట్లు కొట్టించుకోలేదు."

"ఛీ, ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నావే! ఆ పిల్ల వింటోంది!"

"వినడానికే వచ్చిందిగా. నువ్వే పిలిచావు."

అంతలో బయట గంట మోగింది.

ప్రొఫెసరమ్మ అడుగులు గబగబా వీధి గది వైపు వెళ్లాయి. వీధి తలుపు తీసిన చప్పుడు. పిన్ని స్టూలు మీంచి లేచింది. మొదటి గిన్నె మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది. ఆవిడ ఎదురుచూస్తున్న గంట అదే.

"ఎవరండీ మీరు?" ప్రొఫెసరమ్మ గొంతు.

"మీ చెల్లెలుగారు భోజనానికి పిలిచారండీ. 'అనుభవం ఉందో లేదో ఒకరు చెప్పగా వినడమెందుకు, రేపు మధ్యాహ్నం వచ్చి మీరే చూసుకోండి' అన్నారు. సాయంత్రం కమిటీ ఉంది కదా, చూసి పోదామని వచ్చాను. మనం ఫోన్లో మాట్లాడుకున్నామండీ ప్రొఫెసర్‌గారూ. గొంతు గుర్తుపట్టలేదా? హాస్టల్ కార్యదర్శిని."

వరండాలోంచి ఛైర్మన్ బూట్లు లోపలికొచ్చాయి.

"రండి రండి, మేమూ ఆకలితోనే ఉన్నాం," అన్నాడాయన ఉత్సాహంగా. "ఏమిటీ, హాస్టలా? మా ప్రొఫెసర్‌గారు మీకెలా తెలుసు?"

"అబ్బే, ఏం లేదండీ, ఏదో మామూలు..." అని ప్రొఫెసరమ్మ అందుకోబోయింది.

"మామూలు వాకబేనండీ," అంది కార్యదర్శి. "వీళ్ల చెల్లెలుగారు ఏం చేస్తుంటారని అడిగాను. ఒక్క ముక్కలో చెప్పేశారు."

"అలాగా! దాని మీద ఆవిడ పుస్తకమే రాశారు తెలుసా? ఏం చెప్పారేమిటి?"

వంటింట్లో సర్వే అమ్మాయి టాబ్ గుండెలకి హత్తుకుని నిలబడింది. చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది. "ఇంకేమైనా చెప్పాలా అండీ?" అని గుసగుసలాడింది.

"నీతో ఇక చాలమ్మా," అంది పిన్ని. చేతులు తుడుచుకుంది. "మిగతాది బయట చెప్తాను."

గడియ మీద చెయ్యి వేసింది. ఆ చిన్న చప్పుడు అవతల ఎవరికి వినపడాలో వాళ్లకి వినపడింది. పరుగున వచ్చిన అడుగులు తలుపు దగ్గర ఆగాయి. ఇందాకటి నుంచీ తియ్యి తియ్యి అని ప్రాణం తీసిన గొంతే, ఇప్పుడు ఏడుపు గొంతుతో తలుపుని రెండు చేతులా తనవైపు లాగి పట్టుకుని అంది.

"చిన్నీ, నీకు దండం పెడతానే. తలుపు తీయకు!"

పిన్ని గడియ తీసింది.